ట్యాబ్ ఇచ్చిన మర్నాడు

"ఆఖరుసారి బహిష్టు ఎప్పుడైందమ్మా?" అని ఊరి నర్సు, అంటే ఏఎన్‌ఎం, గర్భిణిని అడుగుతుంది. పశ్చిమ ప్రకాశం ప్రాంతంలోని బేస్తవారిపేట మండలంలో ఏ ఊరి అరుగు మీద కూర్చుని అడిగినా ఈ ప్రశ్నకు తేదీతో సహా జవాబు దొరకడం అరుదు. "శివరాత్రి పోయినాక... ఉగాది ఇంకా రాలేదు నర్సమ్మా" అంటుంది ఆ పిల్ల. "మిరపకాయలు కోస్తా ఉన్నప్పుడు కదంటే?" అని పక్కనుంచి అత్తగారు అందుకుంటుంది. 2025 సంవత్సరమే తీసుకుంటే శివరాత్రి ఫిబ్రవరి 26న, ఉగాది మార్చి 30న వచ్చాయి. నడుమ నెల పైచిలుకు ఎడం. అందులో ఏ రోజన్నది తేలితేనే కాన్పు తేదీ తేలుతుంది. ఆ రోజు నుంచి 280 రోజులు లెక్కగడతారు మరి. అనుభవమున్న ఏఎన్‌ఎం ఇక్కడ తొందరపడదు. పండక్కి పుట్టింటికి పోయావా, పోయేటప్పటికి తలకు పోసుకున్నావా, పింఛన్లు పంచిన ఒకటో తారీఖుకు ముందా వెనకా అని ఒక్కో ముడీ విప్పుకుంటూ పోతుంది. నాలుగైదు నిమిషాల్లో నెల కాస్తా వారానికి, వారం రెండు మూడు రోజులకు దిగుతుంది.

ఆమె చేతిలోని ట్యాబ్‌కు ఈ సంభాషణతో పని లేదు. దానికి కావలసింది ఒక తేదీ. ఒకటో తారీఖు నొక్కినా తీసుకుంటుంది, పదిహేడు నొక్కినా తీసుకుంటుంది. పని ఒత్తిడిలో ఉన్నవాళ్లు ఒకటో తారీఖే నొక్కుతారు. ఆ తర్వాత జిల్లా కార్యాలయంలో ఎంత పెద్ద తెర మీద ఎన్ని గ్రాఫులు గీసినా అవన్నీ ఆ ఒకటో తారీఖు పునాది మీదే లేస్తాయి.

వైద్య రికార్డులకు కొత్త పద్ధతి వచ్చిన ప్రతిసారీ సిబ్బందికి శిక్షణ ఇస్తారు. ఏ గడిలో ఏం నింపాలో, ఎక్కడ నొక్కితే ఏ పేజీ వస్తుందో చెబుతారు. ఆ గడిలోకి వెళ్లే సమాచారాన్ని మనిషి నోటి నుంచి రాబట్టడం ఎలాగో, వెళ్లాక దాన్ని ఏళ్ల తరబడి కాపాడుకోవడం ఎలాగో చెప్పేవాళ్లు తక్కువ. ఈనాటి ప్రసంగం ఆ వెలితి గురించి.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ విషయంలో అనుభవం తక్కువేమీ కాదు. ఏఎన్‌ఎంలకు ట్యాబ్‌లిచ్చి, గర్భిణుల, బాలింతల, పిల్లల వివరాలు నేరుగా ఊళ్లోనే నమోదు చేయించే 'అన్‌మోల్' యాప్‌ను 2016లో దేశంలో ముందుగా తలకెత్తుకున్నది ఈ రాష్ట్రమే. సిగ్నల్ లేనిచోట కూడా వివరాలు నింపుకుని, సిగ్నల్ అందాక పైకి పంపుకునే వీలు అందులో ఉంది. 2018 నవంబరులో అంటువ్యాధుల సమాచారానికి ఐహెచ్‌ఐపీ అనే వేదిక మొదలైనప్పుడు తొలి ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. 2019 నవంబరులో ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి వీడియోలో డాక్టరును చూపించే ఈ-సంజీవని వచ్చింది. 2021లో కరోనా టీకాలతో కోవిన్, అదే ఏడాది సెప్టెంబరులో దేశమంతటా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, దానితోపాటు మనిషికొక 14 అంకెల 'ఆభా' నంబరు. 2023 ఏప్రిల్‌లో చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రారంభమై, 104 వాహనంతో డాక్టరు ఊరికి రావడం, చూసిన రోగి వివరాలు అక్కడికక్కడే ఎక్కించడం మొదలైంది. క్షయకు నిక్షయ్ పోర్టల్ వేరే. బీపీ, షుగర్ పరీక్షలకు మరొకటి.

ఇవన్నీ మంచి ఉద్దేశంతో వచ్చినవే. ఒక్కోటి ఒక్కో విభాగం నుంచి, ఒక్కో శిక్షణతో, ఒక్కో యూజర్ ఐడీతో వచ్చింది. దించుకునే చోట మాత్రం ఉన్నది ఒకే మనిషి. ఆ ఏఎన్‌ఎంకు బుధ, శనివారాలు టీకాలకు పోతాయి. మిగిలిన రోజుల్లో ఇంటింటి సర్వే, గర్భిణుల పరీక్షలు, మీటింగులు. నింపాల్సిన యాప్‌లు చీకటి పడ్డాక ఇంట్లో కూర్చుని నింపుతారు. ఆన్‌లైన్ పని భారం తగ్గించాలని, మంచి ఫోన్లూ నెట్ ఖర్చులూ ఇవ్వాలని ఆశా కార్యకర్తలు రోడ్డెక్కి అడిగిన సందర్భాలు రాష్ట్రంలో కొల్లలు. దాన్ని జీతాల గొడవగా మాత్రమే చూసినవాళ్లు సగం సంగతి వదిలేశారనే చెప్పాలి.

మన రాష్ట్రంలో దీనికి ఇంకా పాత కథ ఒకటుంది. 2000 సంవత్సరం చివర్లో చిత్తూరు జిల్లా కుప్పం నియోజకవర్గంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, అంటే పీహెచ్‌సీల్లో, ఒక ప్రయోగం మొదలైంది. వర్ణవివక్ష పాలన పోయిన తర్వాత దక్షిణాఫ్రికాలో, ఊరూరి ఆసుపత్రి లెక్కలు ఒకచోట చేర్చి చూసుకోవడానికి డీహెచ్‌ఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ తయారైంది. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేసే హిస్ప్ అనే పరిశోధక బృందం దాన్ని కుప్పానికి తెచ్చింది. ఆ బృందంలో సుందీప్ సహాయ్ వంటి పరిశోధకులున్నారు. అప్పటికి పీహెచ్‌సీలో కంప్యూటరంటే గుడ్డ కప్పి తాళం వేసిన గదిలో ఉంచే వస్తువు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. మౌస్ పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పాలి. అయినా ఆ పరిశోధకులు తేల్చిన అసలు చిక్కు కంప్యూటరు భయం కాదు, అది కొద్ది వారాల్లో పోయేదే. ఒక పక్క కంప్యూటరులో నింపుతూనే పాత రిజిస్టర్లన్నీ చేత్తో రాయాల్సి రావడం, పంపిన లెక్కలు పైకి పోవడమే తప్ప పీహెచ్‌సీకి తిరిగి ఏమీ రాకపోవడం అక్కడి చిక్కులు. తన ఊరి లెక్క తనకే పనికిరానప్పుడు దాన్ని ఒప్పుగా నింపాలన్న పట్టుదల ఎవరికుంటుంది?

ఆ సాఫ్ట్‌వేర్ తర్వాతి రూపమైన డీహెచ్‌ఐఎస్-2 ఇప్పుడు డెబ్బైకి పైగా దేశాల్లో నడుస్తోంది. పాతికేళ్ల తర్వాత, 2025లో, అదే కుప్పంలో టాటా సంస్థ భాగస్వామ్యంతో డిజిటల్ నర్వ్ సెంటర్ ప్రారంభమైంది. యంత్రాలు మారాయి. నెట్ వేగం పెరిగింది. రెండు చోట్లా రాసే అలవాటు మాత్రం రాష్ట్రంలో చాలా సబ్‌సెంటర్లలో ఇంకా పోలేదు. ఏఎన్‌ఎం సంచిలో ట్యాబ్ పక్కనే లావుపాటి రిజిస్టరు కూడా ఉంటుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ట్యాబ్ మొరాయించిన రోజున తనిఖీకి వచ్చిన అధికారి అడిగేది ఆ రిజిస్టరే.

శిక్షణ ఎలా జరుగుతుందో చూద్దాం. పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా దిగడం మనకు అలవాటైన పద్ధతి. రాష్ట్ర స్థాయిలో కొందరికి నేర్పుతారు. వాళ్లు జిల్లాకు వచ్చి మరికొందరికి చెబుతారు. వాళ్లు మండలానికి వచ్చి సిబ్బందికి చెబుతారు. మొదటి మెట్టు మీద రెండు రోజుల పాఠం చివరి మెట్టుకు వచ్చేసరికి పూటకు కుదించుకుపోతుంది. బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు వంటి మండలాల నుంచి, 2025 చివరిదాకా జిల్లా కేంద్రంగా ఉన్న ఒంగోలు వంద కిలోమీటర్ల పైమాటే. పొద్దున్నే బస్సెక్కినవాళ్లకు హాల్లో చోటు దొరికేసరికి సగం పాఠం అయిపోయేది, సాయంత్రం బస్సు దొరకాలంటే చివరి గంట వదులుకోవాల్సి వచ్చేది. అప్పుడప్పుడూ ఆ చివరి గంటలోనే "తప్పు పడితే ఎలా దిద్దాలి" అన్న భాగం ఉండేది!

తప్పు దిద్దడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, అసలు తంటా అంతా అక్కడే. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకల్లో చాలా భాగం మార్కాపురం నేలలోంచి వెళ్లినవే. ఆ పలక మీద తప్పు రాస్తే చేత్తో చెరిపేసి మళ్లీ రాసుకునేవాళ్లు. ఇప్పటి గాజు పలక తీరు వేరు. ఒకసారి పైకి పంపిన వివరంలో కొన్ని గడులు ఏఎన్‌ఎం తన చేత్తో మార్చలేదు. పై అధికారి లాగిన్‌లోంచి మార్చాలి, లేదా రాష్ట్ర స్థాయికి అభ్యర్థన పంపాలి. రికార్డును ఎవరు పడితే వాళ్లు తిరగరాయకూడదు కాబట్టి ఆ కట్టడి అవసరమే. కానీ ఎవరిని అడగాలో, ఏ నంబరుకు చెప్పాలో తెలియని చోట ఆ కట్టడి వల్ల జరిగేది ఒకటే. తప్పు అలాగే ఉండిపోతుంది, లేదా అదే మనిషికి ఇంకో కొత్త రికార్డు పుడుతుంది.

పేర్ల దగ్గర ఇది మరీ ఎక్కువ. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు కేఎస్‌హెచ్ వేసి రాస్తారు, ఇంకొకరు ఎక్స్ వేసి రాస్తారు. చెన్నకేశవులు పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆధార్‌లో ఒక తీరు, రేషన్ కార్డులో ఒక తీరు, ఆసుపత్రి చీటీలో మరో తీరు. పైగా ఫారం 'మొదటి పేరు, చివరి పేరు' అడుగుతుంది. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. బేస్తవారిపేట మండలంలోనే ఉన్న మోక్షగుండం ఊరి పేరు ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి పేరు ముందు నిలిచి ప్రపంచమంతా తిరిగింది. ఆయన పూర్వీకులది ఆ ఊరు. ఇవాళ ఆయనే వచ్చి ఓపీ చీటీ రాయించుకుంటే 'మోక్షగుండం' మొదటి పేరు గడిలో పడుతుందో చివరి పేరు గడిలో పడుతుందో కౌంటరులో కూర్చున్నవాళ్లను బట్టి ఉంటుంది. ఎలా రాసినా ఫర్వాలేదు, అందరూ ఒకే తీరున రాయాలి. దానికి గంట పాఠం అక్కర్లేదు. పీహెచ్‌సీలో అందరూ కూర్చుని ఒకసారి తీర్మానించుకుని, ఆ కాగితం గోడకు అంటించుకుంటే చాలు.

తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోవడం మన ఆనవాయితీ. పిటికాయగుళ్ల ఊరి కోడలు గిద్దలూరు పక్కనున్న పుట్టింటికి పోయిందనుకోండి. అత్తవారి ఊళ్లో నెల తప్పినప్పుడు నమోదైన పేరు, ఏడో నెల తర్వాత పుట్టింటి ఊళ్లో మళ్లీ కొత్తగా నమోదవుతుంది. ఒక చోట "మధ్యలో ఆపేసిన గర్భిణి"గా కనిపిస్తుంది, మరో చోట "ఆలస్యంగా నమోదైన గర్భిణి"గా కనిపిస్తుంది. ఇద్దరు ఏఎన్‌ఎంలకూ అక్షింతలు పడతాయి. నిజానికి ఆ అమ్మాయికి పరీక్షలన్నీ వేళకే జరిగి ఉంటాయి. రక్తం ఏడు గ్రాములకు పడిపోయిందన్న ముఖ్యమైన విషయం మాత్రం పాత రికార్డులో చిక్కుకుపోయి, కాన్పు చేసే చోట ఎవరికీ కనబడకపోవచ్చు. పాత నంబరుతో వెతికి, ఉన్న రికార్డునే తమ ఊరికి తెచ్చుకునే దారి ఇలాంటి యాప్‌లలో ఉంటుంది. శిక్షణలో అన్నిటికంటే ముందు చేయించాల్సిన అభ్యాసం ఇది. ఉత్తుత్తి పేర్లతో కాకుండా, వచ్చినవాళ్లు తమ రిజిస్టర్లు వెంట తెచ్చుకుని, పుట్టింటికి పోయిన తమ ఊరి ఆడపిల్లల పేర్లే వెతికి చూసుకుంటే ఆ పూటే సగం జంట రికార్డులు బయటపడతాయి.

పశ్చిమ ప్రకాశానికి రికార్డుల అవసరం మిగతా చోట్ల కంటే ఎక్కువ. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ పాతది. కిడ్నీ జబ్బుల బాధా ఉంది. మూత్రపిండాలు ఒక్క రోజులో చెడవు. రక్తంలో క్రియాటినిన్ అంకె ఏళ్ల మీద మెల్లగా ఎక్కుతుంది. ఒకసారి చూసిన అంకె అంతగా చెప్పదు. మూడేళ్ల అంకెలు వరుసగా చూస్తే డాక్టరుకు వెంటనే అర్థమవుతుంది. వానలు మొహం చాటేసిన ఏడు ఈ ప్రాంతపు కూలీలు హైదరాబాద్‌కో బెంగళూరుకో గుంటూరు వైపు మిరపకోతలకో తరలిపోతారు. వాళ్ల చీటీలు ప్లాస్టిక్ కవర్లో నలిగి, తడిసి, పోతాయి. ఎక్కడికి పోయినా వెంట వచ్చే రికార్డు అనే మాటకు ఇలాంటి వాళ్ల విషయంలోనే అసలు విలువ. ఆభా నంబర్లు దేశంలో 70 కోట్లు దాటాయని గొప్పగా చెప్పుకుంటున్నాం. నంబరు ఇవ్వడం తేలిక. ఆ నంబరు వెనక క్రియాటినిన్ అంకె ఎక్కిందా లేదా అన్నది ల్యాబ్ టెక్నీషియన్ ఆ రోజు కాగితం మీద రాసి ఊరుకున్నారా, కంప్యూటరులోనూ నింపారా అన్నదాని మీద ఉంటుంది.

తెలుగు నేల మీద దీన్ని పకడ్బందీగా చేసి చూపినవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2010 నుంచి తమ రోగుల వివరాలను 'ఐస్మార్ట్' అనే సొంత పద్ధతిలో కంప్యూటరుకెక్కిస్తోంది. పెద్దాసుపత్రితో ఆగకుండా పల్లెల్లోని దృష్టి కేంద్రాల దాకా దాన్ని తీసుకెళ్లింది. ఆ కేంద్రాల్లో కూర్చునేది చుట్టుపక్కల ఊళ్ల యువతీ యువకులే. విజన్ టెక్నీషియన్లుగా వాళ్లకు ఏడాది పాటు శిక్షణ ఉంటుంది. కన్ను పరీక్షించడం, చూసింది రాయడం రెండూ ఒకే పనిగా వాళ్లకు అలవాటవుతాయి. తయారుచేసినవాళ్లూ వాడేవాళ్లూ ఒకే సంస్థవాళ్లు కాబట్టి ఫలానా గడి అడ్డంగా ఉందని చెబితే వినే మనిషి దగ్గరే ఉంటాడు. ప్రభుత్వ వ్యవస్థ అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది, అక్కడ కుదిరినట్టు ఇక్కడ కుదరదనే వాదన ఉంది. కొంత నిజమే. అయినా, వాడేవాళ్ల మాట వినే మనిషి ఒకరుండాలన్న సంగతికి సైజుతో పనేముంది?

ఆ మాట వినకపోతే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. ఇంగ్లండ్ అంతటి రోగుల రికార్డులు ఒకే పద్ధతిలోకి తేవాలని 2002లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమాన్ని 2011లో ఆపేసింది. అప్పటికి ఖర్చు వందల కోట్ల పౌండ్లు. రోజూ వాడాల్సిన డాక్టర్లనూ నర్సులనూ ముందుగా అడగలేదన్నది ఆ కార్యక్రమం మీద వచ్చిన విమర్శల్లో ముఖ్యమైనది. డబ్బున్న దేశం కాబట్టి తట్టుకుంది.

ఇక వస్తువుల సంగతి. ట్యాబ్ కొన్నప్పుడు ఫొటోలు దిగుతాం. రెండేళ్లకు బ్యాటరీ ఉబ్బుతుంది, ఛార్జరు వైరు తెగుతుంది, మెమరీ నిండి యాప్ తెరుచుకోదు. కొత్త వెర్షన్ దించుకోమంటుంది, పాత ట్యాబ్ దాన్ని మోయలేదు. నల్లమల అంచున అర్ధవీడు వైపు కొన్ని చోట్ల సిగ్నల్ కోసం గట్టెక్కాలి. సింక్ కాకుండా ఆగిపోయిన వివరాలతో ట్యాబ్ చెడిపోతే ఆ వారం చాకిరీ అంతా పోయినట్టే. అందుకే రోజూ ఇంటికి పోయేముందు సిగ్నల్ ఉన్నచోట ఆగి "పంపాల్సినవి సున్నా" అని కనిపించేదాకా చూసుకోవడం అన్నిటికంటే విలువైన అలవాటు. మరమ్మతుకు ఎవరిని పిలవాలో, ఎన్ని రోజుల్లో ఇంకో ట్యాబ్ ఇస్తారో మొదటి రోజే చెప్పాలి. బాగుచేసేందుకు బడ్జెట్‌లో విడిగా పద్దు లేకుండా యంత్రాలు కొనడం మన కార్యాలయాలకు పాత జబ్బు.

పాస్‌వర్డ్ ముచ్చట ఒకటుంది. పని జరగాలి కాబట్టి ఒకరి లాగిన్‌తో ఇంకొకరు నింపేయడం చాలా ఆఫీసుల్లో మామూలే. కొన్ని చోట్ల పాస్‌వర్డ్ రాసిన చీటీ మానిటరుకే అంటించి ఉంటుంది. రోగి వివరాలంటే పేరూ వయసూ మాత్రమే కావు. ఎవరికి క్షయ ఉంది, ఎవరికి గర్భం పోయింది, ఎవరికి హెచ్‌ఐవీ పరీక్ష చేశారు అన్నవి అందులో ఉంటాయి. ఊళ్లో అవి బయటపడితే పెళ్లిళ్లు ఆగిపోతాయి, కాపురాలు కూలిపోతాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం సెక్షన్లు వల్లించే కంటే, ట్యాబ్ పక్కింటి పిల్లాడి చేతిలో పెట్టి ఎందుకు నింపించకూడదో సిబ్బందికి తెలిసిన ఊరి ఉదాహరణతో చెబితే బుర్రకెక్కుతుంది. ఓటీపీ కోసం ఫోను అడిగినప్పుడు అది ఎందుకో రోగికి రెండు మాటల్లో చెప్పడం కూడా ఆ పాఠంలోనే రావాలి. బ్యాంకు మోసాల గురించి విని విని జనం ఓటీపీ అంటేనే జంకుతున్నారు, ఆ జంకు మంచిదే.

ఇవన్నీ జిల్లా కేంద్రం హాల్లో ఒక్క రోజులో అయ్యే పనులు కావు. పీహెచ్‌సీలో నెలనెలా సమావేశం ఎలాగూ జరుగుతుంది. అందులో లక్ష్యాలు చదివి మందలించే గంటలో ఇరవై నిమిషాలు తగ్గించి, ఆ నెల పడిన తప్పుల్లో మూడింటిని తెర మీద వేసి అందరూ కలిసి దిద్దితే శిక్షణ అక్కడే సాగుతుంది. బాగా పట్టుబడ్డ ఒక స్టాఫ్ నర్సునో, ఊరి ఆరోగ్య కేంద్రంలోని ఎంఎల్‌హెచ్‌పీనో ఆ మండలానికి ఆసరాగా పెట్టి, ఆ పనికి వాళ్ల మిగతా పనిలో కొంత తగ్గించాలి. "అక్కా, ఇది రావట్లేదు" అని ఫోను చేయగలిగిన మనిషి పది పేజీల మాన్యువల్ కంటే ముందు పనికొస్తుంది.

బదిలీల కాలం వచ్చినప్పుడు ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష. పాత ఏఎన్‌ఎం వెళ్లిపోతూ ట్యాబ్, ఛార్జరు, రిజిస్టర్లు అప్పగించి సంతకం తీసుకుంటుంది. కొత్త లాగిన్ రావడానికి రోజులు పడతాయి. ఆ లోపు కొత్తమ్మాయి పాతామె ఐడీతోనే నెట్టుకొస్తుంది. ఎవరింట్లో తొమ్మిదో నెల నడుస్తోంది, ఎవరు పుట్టింటికి పోయారు, ఏ రెండు రికార్డులు ఒకే మనిషివి, ఏ దిద్దుబాటు అభ్యర్థన పైన ఆగిపోయింది అన్నవి అప్పగింత జాబితాలో ఉండవు. రిలీవింగ్ ఆర్డరులో ఒక్క రోజు అదనంగా ఇచ్చి, ఆ రోజు ఇద్దరూ కలిసి ట్యాబ్ తెరుచుకుని, నెలలు నిండిన గర్భిణుల ఇళ్లకు వరుసగా పోయి రమ్మని వైద్యాధికారి చెప్పవచ్చు. దానికి కొత్త యాప్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. మండల పీహెచ్‌సీ స్థాయిలోనే అయ్యే పని అది.